నర్సింలు సారు వెతికిన ఒక రోజు

నర్సింలు సారు ఇక లేరన్న వార్త మంగళవారం పొద్దున, పటాన్‌చెరులో కంపెనీ బస్సు కోసం నిలబడి ఉండగా ఫోనులో తెలిసింది. సంగారెడ్డి ఆసుపత్రిలో గుండె ఆగిపోయిందన్నారు. యాభై నాలుగేళ్ళకే ఆ మహామనీషి అస్తమించారు. బస్సు వచ్చింది, వెళ్ళింది, నేను ఎక్కలేదు. గురువును కోల్పోయిన దుఃఖం అపారం అని రాస్తే అబద్ధం కాదు. కానీ నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, భయం. ఆ భయం ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సారుది సంగారెడ్డి దగ్గర కంది. వ్యవసాయ కుటుంబం. ఎనభైలలో మా మందుల ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియనుగా చేరారు. కంపెనీకి కంప్యూటర్లు వచ్చినప్పుడు వాటికి తీగలు లాగమని పంపితే, ఆ గదిలోనే స్థిరపడిపోయారు. "తీగ గుంజ వోయిన, మల్ల ఎల్లి రాలె" అని నవ్వేవారు. ఏ విద్యాలయమూ ఆయనకు ఈ విద్య నేర్పలేదు. పాడైన ప్రతి యంత్రమూ ఆయనకు పాఠం చెప్పింది.

నేను గుమ్మడిదల నుంచి డిప్లొమా పట్టుకుని కాంట్రాక్టు ఉద్యోగిగా ఆయన దగ్గర చేరాను. మొదటి రోజు నన్ను కంప్యూటరు ముట్టుకోనివ్వలేదు. ల్యాబు నుంచి ఆఫీసు బిల్డింగు దాకా కేబులును చేత్తో తడుముకుంటూ నడిపించారు. "కంప్యూటర్ అబద్ధమాడది రా. నువ్వు అడిగినదానికే జవాబిస్తది. ముందుగాల అడుగుడు నేర్సుకో" అన్నారు.

ఒకసారి ల్యాబులో నెట్‌వర్కు ఫోల్డరు రోజూ పదకొండింటికి మాయమవుతుంటే హైదరాబాదు నుంచి ఇద్దరు ఇంజనీర్లు వచ్చి రెండు రోజులు కుస్తీ పట్టారు. మూడో రోజు సారు ఒక స్టూలు వేసుకుని, చాయ్ తాగుతూ ల్యాబులో కూర్చున్నారు. పదకొండింటికి ఎవరో ఓవెన్ ఆన్ చేశారు. దాని వెనకనుంచే పోతున్న కేబులు వేడికి మెత్తబడి లోపలి తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయి. ఇంజనీర్ల ముఖాల్లో నెత్తురు చుక్క లేదు. "ఫికర్ జెయ్యకుర్రి, మీ పుస్తకంల ఓవెన్ లేదు గద" అని వాళ్ళను ఓదార్చింది కూడా సారే.

ఇక అసలు సంగతి. ల్యాబు యంత్రాల పరీక్షా ఫలితాలన్నీ ఆఫీసులోని పెద్ద సర్వరులో చేరాలి. అందుకని ఆ సర్వరులోని ఫోల్డరును ల్యాబు సర్వరులోని ఒక ఖాళీ ఫోల్డరు మీద తగిలిస్తారు. దాన్ని మౌంట్ చేయడం అంటారు. తగిలి ఉన్నంతసేపూ కింది ఫోల్డరు కనిపించదు. అందులో ఏమైనా ఉంటే అదీ కనిపించదు. కరెంటు పోయి వచ్చినప్పుడు పెద్ద సర్వరు ముందు లేవాలి, ల్యాబుది తర్వాత లేవాలి. ఒకరోజు ఆ వరస తప్పింది. మౌంట్ కాలేదు. యంత్రాలకు ఆ తేడా తెలియదు కదా, రోజంతా ఆ కింది ఫోల్డరులోనే రాసుకుంటూ పోయాయి. సాయంత్రం "పాత ఫలితాలు కనపడటం లేదండీ" అని ల్యాబు నుంచి ఫోను వస్తే, సారు మౌంట్ చేసి ఇంటికి వెళ్ళారు. కింద ఏమైనా ఉందా అని చూడలేదు.

మర్నాడు చూస్తే ఆ రోజు ఫలితాలు ఎక్కడా లేవు. ఆ రోజు పరీక్షలు చేసింది విజయ గారు. ప్రభుత్వరంగ కర్మాగారంలో ఉద్యోగానికని గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం వాళ్ళది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. రిజిస్టరులో అంకెలు ఉన్నాయి, యంత్రంలో రికార్డు లేదు. మందుల కంపెనీలో దానికి ఒకటే అర్థం: పరీక్ష చేయకుండా అంకెలు రాశారని. "నేను చేశానండీ, ఒక్కటీ వదలకుండా చేశాను" అని ఆవిడ చెబుతూనే ఉన్నారు. సారు బ్యాకప్ టేపులన్నీ గాలించారు. అవి పెద్ద సర్వరువే కాబట్టి ఏమీ దొరకలేదు. పదిహేను రోజులకు ఆవిడ చేత రాజీనామా రాయించారు. ఆవిడ పరీక్షించిన మందుల బ్యాచుకు మళ్ళీ పరీక్షలు చేయించి కొత్త రికార్డు తయారుచేశారు.

నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం పెద్ద సర్వరులో డిస్కు మార్చడానికి సారు మౌంట్ తీసేశారు. ఖాళీగా ఉండాల్సిన ఫోల్డరు ఖాళీగా లేదు.

"జెర ఇటు రా. తారీఖులు సూడు" అని పిలిచారు. చూశాను. విజయ గారి ఆ రోజంతా అక్కడ వరసగా ఉంది.

"వడ్ల మీద టార్పాలిన్ కప్పితే వడ్లు యాడికి వోతయ్ రా? కనవడయ్, గంతే. కప్పిందే నేను. ఎత్తి సూడకపోతి" అని నెత్తి కొట్టుకున్నారు.

వెంటనే మేనేజరు దగ్గరికి వెళ్ళారు. "క్లోజ్ అయిన మ్యాటర్ నర్సింలూ, వచ్చే వారం ఆడిట్ ఉంది" అన్నాడాయన. సారు ఆ మాట వినిపించుకోకుండా స్కూటరెక్కి విజయ గారి ఇంటికి వెళ్ళారు. తప్పు తనదని ఆమె ముందూ, ఆమె తండ్రి ముందూ చెప్పి, రేపు కాగితాలు ప్రింటు తీసి తెస్తానని మాటిచ్చారు.

ఆయన అక్కడ ఉన్న సమయంలోనే మేనేజరు నన్ను పిలిచాడు. "ఒక బ్యాచ్‌కి రెండు రికార్డులు ఉండకూడదు. ఆ ఫోల్డర్ క్లీన్ చేసెయ్. నీ పర్మనెంట్ ఆర్డర్ నా టేబుల్ మీదే ఉంది" అన్నాడు. నేను బెదిరిపోయానని రాసుకోవచ్చు. కానీ ఆయన బెదిరించలేదు, నాకు ఆశ చూపించాడు. సీటు దగ్గరికి వచ్చి, ఫైళ్ళు తుడిచే కమాండు ఒక్క లైను కొట్టాను. ఒక మనిషి పరువు పోవడానికి ఒక్క లైను సరిపోయింది.

మర్నాడు సారు ప్రింటు తీయడానికి కూర్చున్నారు. ఫోల్డరు ఖాళీ. మూసి మళ్ళీ తెరిచారు. తర్వాత నా వైపు తిరిగారు. అడుగుతారనుకున్నాను. "నిన్న పరేషాన్ల నేనే ఏదో కొట్టి ఉంట రా. కాపీ జెయ్యవోయి తుడిసిన" అన్నారు. నేను తల ఊపాను.

ఆ తర్వాత ఏడేళ్ళు ఆయన అదే నమ్మి బతికారు. ఎంటర్ కొట్టేముందు వేలు పైకెత్తి, రాసిన ప్రతి లైనూ పైకి చదివేవారు. ఆఫీసులో అందరూ "నర్సింలు మంత్రం" అని ఆటపట్టించేవారు. నాకు మాత్రం అది వినలేక గది బయటికి వెళ్ళాలనిపించేది. తప్పు తనదేనని సంతకం చేసి విజయ గారికి ఒక ఉత్తరం ఇచ్చారు. దాంతో ఆయన ప్రమోషను ఆగింది. ఆవిడ ఆ ఉత్తరం పట్టుకుని నాలుగు కంపెనీలు తిరిగారు. ప్రతిచోటా ఒకటే అడిగారట, రికార్డులేవి అని. ఇప్పుడు ఒక ప్యాకింగు యూనిట్లో సూపర్వైజరుగా ఉన్నారు.

మూడోనాడు కందిలో, సారు చెలక గట్టున పిట్టకు, అంటే కాకులకు, పెట్టారు. విస్తట్లో ఆయనకు ఇష్టమైనవన్నీ వడ్డించి దూరంగా నిలబడ్డాం. కాకులు కరెంటు తీగ మీద కూర్చున్నాయి కానీ దిగలేదు. "పిల్లల్ని మంచిగ అర్సుకుంటం, రంది వెట్టుకోకు" అని తమ్ముడు మొక్కాడు. దిగలేదు. "ఏం మనసుల వెట్టుకొని వోయిండో" అని సారు భార్య ఏడ్చింది. "ఎవలన్న చెప్పేదుంటె చెప్పుర్రి" అని పెద్దమనిషొకాయన అందరి వైపూ చూశాడు. నేను వెనక వరసలోకి జరిగాను.

విజయ గారు అప్పుడు నా పక్కకు వచ్చి మెల్లగా అడిగారు. "ఆ రోజు ఫైళ్ళు మీరు కూడా చూశారని సారు అనేవారు. నిజంగా ఉన్నాయా అండీ? లేక నా మీద జాలితో ఆయన అలా చెప్పారా? ఏడేళ్ళయ్యేసరికి నాకే అనుమానం వస్తోంది, అసలు ఆ పరీక్షలు చేశానా అని."

"సరిగ్గా గుర్తు లేదండీ" అన్నాను.

ఎండెక్కాక విస్తరి తీసి ఆవుకు పెట్టారు. అందరూ ఇళ్ళకు వెళ్ళారు.

పాండిత్యం, నిష్కాపట్యం, ఔదార్యం ఒకచోట కూడిన అలాంటి మనిషి మా కర్మాగారాల నడుమ మళ్ళీ పుట్టడు. ఆయనకు శ్రద్ధాంజలి ఘటించే అర్హత నాకు లేదు. నేను ఇవ్వగలిగింది సాక్ష్యం ఒక్కటే. విజయ గారూ, ఆ ఫైళ్ళు ఉన్నాయి. నేను చూశాను. మొదటిది పొద్దున తొమ్మిదింబావుకు, ఆఖరుది సాయంత్రం నాలుగూ నలభైకి. మీరు ఒక్క పరీక్షా వదల్లేదు. వాటిని తుడిచింది సారు కాదు, నేను. ఎక్కడికి రమ్మంటే అక్కడికి వచ్చి ఈ మాట చెప్పి సంతకం పెడతాను. మీకు చెప్పుకోవడానికి నాకు ఇంకా వీలుంది. సారుకు చెప్పడానికి ఏడేళ్ళపాటు రోజూ పక్క కుర్చీలోనే కూర్చున్నాను, చెప్పలేదు.