పెరూ ఓట్ల క్యూలో మొదటి మనిషి

మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో మూడు గదుల ఇంట్లో ముగ్గురు విద్యార్థులం అద్దెకుండేవాళ్ళం. నేను, నరసాపురం ఎలియాజర్, పెరూ దేశం నుంచి వచ్చిన యెసేనియా. ఎలియాజర్‌తో వేగడం అంత తేలిక కాదు. తొమ్మిదింటి క్లాసుకి ఏడున్నరకే యూనివర్సిటీలో ఉండేవాడు. చర్చికి పాస్టరు గారికన్నా ముందు వెళ్ళి గేటు దగ్గర కాపలా కాసేవాడు. ‘ఆలస్యం అమృతం విషం’ అంటూ సెలవు రోజున కూడా మా తలుపులు కొట్టేవాడు. నాకేమో నిద్రంటే ప్రాణం. ఆ రెండేళ్ళలో అతన్ని తిట్టుకోని ఆదివారం లేదు.

యెసేనియా వంటల కోర్సు చదువుతూ, సాయంత్రాలు ఆఫీసులు ఊడ్చేది. ఆ చీపురు వదిలేసి తన వంటతో బతకాలని ఆమె ఆశ. 2016 ఏప్రిల్‌లో వాళ్ళ దేశంలో అధ్యక్షుడికీ పార్లమెంటుకీ కలిపి ఎన్నికలొచ్చాయి. మెల్‌బోర్న్‌లో ఉన్న పెరూవాళ్ళంతా ఒక స్కూలు హాల్లో ఓటెయ్యాలి. తనవాళ్ళు అంతమంది ఒకచోట చేరేది మళ్ళీ ఎప్పుడో! అందుకని గేటు బయట ఎంపనాడల స్టాల్ పెడదామనుకుంది. ఎంపనాడ అంటే కోడిమాంసం కూరిన కజ్జికాయ అనుకోండి. రెండు రోజులు నడుం వంచి రెండు వందలు చేసింది. అవి నలుగురికీ నచ్చితే ఆర్డర్లొస్తాయి, ఊడ్చే పని మానెయ్యొచ్చు.

పదింటికి వెళ్దామంది. ఎలియాజర్ ఒప్పుకుంటేనా! తమ ఊళ్ళో ఎండెక్కకముందే ఓటేసి వచ్చేస్తారనీ, ముందు ఓటేసేస్తే రోజంతా తీరిగ్గా అమ్ముకోవచ్చనీ నచ్చజెప్పాడు. కారు అతనిది. ఆమెకదే మొదటి ఓటు. ఆ రోజు చర్చి కూడా మానుకుని, ఏడుంపావుకల్లా మమ్మల్ని హాలు ముందు దించాడు. క్యూలో ఆమె ఒక్కతే. మిగతా పెరూవాళ్ళు రోడ్డుకి అటువైపు కార్లలో కూర్చుని మావైపు జాలిగా చూస్తున్నారు.

ఆ జాలి ఎందుకో ఎనిమిదింటికి తెలిసింది. పోలింగ్ బల్ల దగ్గర డ్యూటీ పడ్డవాళ్ళు రాకపోతే, క్యూలో ముందున్నవాళ్ళని పట్టుకుని కూర్చోబెట్టడం వాళ్ళ చట్టం. ఆ రోజు ఒకావిడ రాలేదు. యెసేనియా దొరికిపోయింది. ఇక ఓట్ల లెక్కింపు అయ్యేదాకా కదలడానికి లేదు. లోపలికి వెళ్తూ ఎలియాజర్ వంక ఒక్కసారి చూసింది, అంతే. తిట్టినా బాగుండేది. కార్లలోవాళ్ళు అప్పుడు తాపీగా దిగారు.

స్టాల్ వెనక మేమిద్దరం నిలబడ్డాం. వచ్చినవాళ్ళు స్పానిష్‌లో ఏదో అడగడం, మా మొహాలు చూసి వెళ్ళిపోవడం. పదకొండయినా పాతిక కూడా పోలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“పొద్దున్నే పొద్దున్నే అని ప్రాణం తీశావ్. ఆ పిల్ల కష్టమంతా బూడిదలో పోశావ్ కదరా.”

“నా వల్లే కదరా భానూ,” అన్నాడు మెల్లగా. ఎలియాజర్ వాదించకపోవడం నేను చూడడం అదే మొదలు. నా కోపం కూడా సగం చల్లారిపోయింది.

ఇంతలో ఒక పెద్దాయన ఇవి ఎవరు చేశారని ఇంగ్లీషులో అడిగాడు. ఎలియాజర్ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. చేసినమ్మాయి లోపల బల్ల దగ్గర ఇరుక్కుపోయిందనీ, ఏడుంపావుకే తెచ్చి క్యూలో నిలబెట్టిన పెద్దమనిషి తనేననీ ఒప్పుకున్నాడు. పెద్దాయన కడుపు పట్టుకుని నవ్వి, వెళ్ళి పదిమందికి చెప్పాడు. ఇక చూడండి, వేలి మీద సిరా ఆరకముందే జనం మా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఆ మహానుభావుణ్ణి చూసి నవ్వడానికి వచ్చి ఒకటి తినేవాళ్ళు. తిన్నాక ఆగలేక ఇంటికి నాలుగు కట్టించుకునేవాళ్ళు. కొందరు ఆర్డర్లకని ఫోన్ నంబర్లిచ్చారు. మూడింటికల్లా డబ్బాలు ఖాళీ. ఎలియాజర్ మాత్రం నవ్వలేదు, తలుపు వంకే చూస్తున్నాడు.

లెక్కింపు ముగిసి ఆరింటికి యెసేనియా బయటికొచ్చింది. ఎలియాజర్ తలొంచుకుని నంబర్ల కాగితం చేతికిచ్చాడు. పదిహేడు పేర్లున్నాయి, అందులో ఒక పెళ్ళివారు కూడా. ఆమె అక్కడే నిలబడి రెండుసార్లు చదువుకుంది. ఎవరికీ సగం ఓట్లు వచ్చేలా లేవని, జూన్‌లో మళ్ళీ ఓటుంటుందని లోపల అనుకుంటున్నారంది. ఈసారి పదింటికే వెళ్దామని ఎలియాజర్ గొణిగాడు.

“వద్దు. రెండేళ్ళుగా ఈ ఊళ్ళో నా పేరు తెలిసినవాళ్ళు మీరిద్దరే. ఇవాళ ఆ బల్ల దగ్గర కూర్చుని, జాబితా చూసి మావాళ్ళు మూడొందలమందిని పేరుపేరునా పిలిచాను,” అంది ఆమె, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. “జూన్‌లో కూడా నన్ను ఏడుంపావుకే తీసుకురా.”