తలుపు తెరుచుకున్నప్పుడు

ఆ పత్రికాఫీసులో ఆయన్ని అందరూ దెయ్యాలాయన అంటారు. చూస్తే దెయ్యాలకే జాలేసేంత బక్కమనిషి. ప్రతి ఆదివారం పాత దెయ్యం సినిమాల గురించీ, డిటెక్టివ్ సినిమాల గురించీ, రాజుల కాలం సీరియళ్ళ గురించీ రాస్తాడు. రాజుల చరిత్ర రాయడానికి బోలెడుమంది పండితులున్నారు, జనం ఏ దెయ్యాన్ని చూసి జడుసుకున్నారో ఆ చరిత్ర ఎవరు రాస్తారని ఆయన వాదన. నవ్వేవాళ్ళు నవ్వారు. ఆయన రాస్తూనే ఉన్నాడు.

ఈసారి పట్టుకున్నది చిన్నప్పుడు టీవీలో వచ్చిన ఒక సీరియల్. పాత ఇల్లు, మేడ మీద ఎప్పుడూ తాళం వేసి ఉండే గది, ఆ ఇంట్లో అద్దెకు దిగిన ఒక నర్సు. ఇప్పుడది ఎక్కడా లేదు. టీవీవాళ్ళు టేపులకు కరువొచ్చి దాని మీదే వంటల కార్యక్రమం రికార్డు చేసుకున్నారట. ఆ సంగతి తెలిసిన రోజు ఆయనకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళు చెరిపేస్తే చెరిపేశారు, నేను మొత్తం రాసి పారేస్తానని భీష్మించుకున్నాడు. వారానికొక భాగం చొప్పున మొదలుపెట్టాడు కూడా.

ఎడిటరు ఊరుకోలేదు. "లేని సీరియల్ గురించి ఇన్ని వారాలా? ఆఖరి భాగం అదిరిపోవాలి. లేకపోతే ఆ పేజీ కొత్త సినిమాలకిచ్చేస్తాను," అన్నాడు.

చిక్కేమిటంటే, మన మహానుభావుడు ఆ సీరియల్ సరిగ్గా చూడనేలేదు. భయమేసిన చోటల్లా దుప్పట్లో దూరాడు. మాటలూ, చప్పుళ్ళూ అన్నీ నోటికొచ్చు. బొమ్మ మాత్రం పక్కన కూర్చున్న అక్కకే తెలుసు. అందుకే వారం వారం అక్క టైలరింగ్ షాపులో, గుడ్డముక్కల మధ్య స్టూలు వేసుకుని కూర్చునేవాడు.

"మెట్లు కిర్రుమన్నాయి. నర్సు 'ఎవరది?' అంది," అనేవాడు.

"అంది గానీ వెనక్కి తిరగలేదు. చేతిలో లాంతరుంది. గోడ మీద రెండు నీడలు పడ్డాయి," అనేది అక్క, జాకెట్టు చేతి అంచు మడత పెడుతూ.

"రెండా? ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేం?"

"నువ్వు దుప్పట్లోంచి బయటికొస్తే కదరా చెప్పడానికి."

అలా ఇద్దరూ కలిసి ఆఖరి భాగం దాకా లాక్కొచ్చారు. మేడ గది తాళం తీసిన చప్పుడు, నర్సు ఊపిరి, తలుపు తెరుచుకున్న చప్పుడు, తర్వాత ఒక కేక. ఆయన అన్నీ చెప్పి, కలం పట్టుకుని చూస్తున్నాడు. అక్క కుట్టుమిషను ఆపేసింది.

"అక్కడ నేనూ కళ్ళు మూసుకున్నానురా."

"నువ్వా?"

"నేను కూడా జడుసుకున్నానని తెలిస్తే నువ్విక నిద్రపోతావా? ధైర్యంగా ఉన్నట్టు నటించాను."

 ఇన్నాళ్ళ కష్టం గుమ్మం దాకా వచ్చి ఆగిపోయిందని ఆయనకు బాధేసింది. ఆ బాధకంటే ముందు అక్క మీద ప్రేమ పొంగుకొచ్చింది. కాసేపు కిందపడ్డ బొత్తాలు ఏరి డబ్బాలో వేస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత అక్కడే, కత్తిరింపుల బల్ల మీదే, ఉన్నదున్నట్టు రాశాడు. తలుపు తెరుచుకుంది, కేక వినిపించింది, తమ్ముడు దుప్పట్లో ఉన్నాడు, అక్క కళ్ళు మూసుకుంది, లోపల ఏముందో ఈ ఇద్దరికీ తెలియదు.

ఎడిటరు కాగితం చివరిదాకా చదివి కళ్ళజోడు తీశాడు.

"ఏంటండీ ఇది? తలుపు వెనక ఏముందో లేదేం? ఒక శవమో, పుర్రో పెట్టెయ్యండి. ఎవరు చూడొచ్చారు?"

"పెట్టను సార్. అక్కడ నేనొక పుర్రె పెడితే ఇక ఆ సీరియల్ నాదవుతుంది, వాళ్ళది కాదు. టేపు చెరిపినవాళ్ళకీ నాకూ తేడా ఏముంటుంది? పేజీ తీసేస్తే తీసెయ్యండి." ఆయన కాగితం వైపు వేలు చూపించాడు. "ఆ రోజు కళ్ళు తెరుచుకుని చూసినవాళ్ళు ఎవరో ఒకరుంటారు. వాళ్ళు చదివితే అబద్ధమని ఇట్టే తెలిసిపోతుంది."

 ఎడిటరు కళ్ళజోడు తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"ఆ కళ్ళు తెరుచుకున్నవాణ్ణి నేనైతే కాదులెండి," అన్నాడు చివరికి, తల ఎత్తకుండా. కాగితం మీద సంతకం పెట్టి అచ్చుకు పంపించేశాడు.