దుడ్డుకర్ర కింద పెట్టిన ముసలోడు

కాగిన ప్లాస్టిక్ వాసన నాకు పడదు. మొన్న దసరా నాడు మా చిన్నాయన మనవడు మా ఇంటికి వచ్చి, చార్జింగ్ వైరు పీకకుండానే పొద్దున్నుంచి ఫోనులో ఆట ఆడుతూ కూర్చుంటే, ఆ ఫోను వేడెక్కి సరిగ్గా అదే వాసన వేసింది. గారెల నూనె వాసన, గుమ్మానికి కట్టిన బంతిపూల వాసన ఎంత ఘాటుగా ఉన్నా దాన్ని కప్పలేకపోయాయి. అందరికీ చిన్నతనం అంటే తడిమట్టి వాసనో మామిడిపూత వాసనో గుర్తొస్తుందట. నా ఖర్మకు నాకు ఇది దొరికింది.

మాది మెట్‌పల్లి పక్కన పల్లె. తొంభైల మొదట్లో నాకు పదేళ్లుంటాయి. దసరా వచ్చేసరికి వానలు వెనకపట్టి, పసుపు చేలు మా నడుముల దాకా ఎదిగేవి. బతుకమ్మకని తంగేడు పూల కోసం, గునుగు పూల కోసం ఆడపిల్లలం గట్ల వెంబడి తిరిగి కాళ్లు గీరుకుపోయి, ఇంటికొచ్చి గునుగుకు అద్దిన రంగులన్నీ చేతులకే అంటించుకుని, ఆ చేతులతోనే నువ్వుల సత్తు, పల్లీల సత్తు, బెల్లం కలిపిన మలీద ముద్దలు నోట్లో కుక్కుకునేవాళ్లం. పండగ నాడు పాలపిట్టను చూడాలని మెడలు నొప్పి పుట్టేదాకా కరెంటు తీగల వైపు చూసేవాళ్లం. సాయంత్రం ఊరంతా ఊరి బయటి జమ్మిచెట్టు దగ్గరికి వెళ్లి, ఆకు తెంపుకొని, దాన్ని బంగారం అంటూ పెద్దల చేతుల్లో పెట్టి, కాళ్లు మొక్కి, ఈడువాళ్లను కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకునేవారు. ఎంత పగ ఉన్నా సరే, జమ్మి చేతిలో పెట్టాక ఆ మనిషితో ఆ రోజు తగవు పెట్టుకోకూడదు. ముక్కు చీదడం రాని పిల్లలకు కూడా మా ఊళ్లో ఈ కట్టుబాటు తెలుసు.

మా నాన్నను మేం బాపు అంటాం. బాపుకూ ఆయన తమ్ముడైన మా చిన్నాయనకూ పగ ఉండేది. పసుపు ఉడకబెట్టే పెద్ద కడాయి ఎవరి దొడ్లో ఉండాలన్న దగ్గర మాట మాట పెరిగి, చిన్నాయన అలిగి నస్పూర్ వెళ్లిపోయి బొగ్గుబాయిలో కొలువు చూసుకున్నాడు. పండక్కి వచ్చినా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, తమ తల్లిని, అంటే మా నాయినమ్మను, మధ్యలో పెట్టుకుని మాట్లాడేవారు.

“అవ్వా, నీళ్లు కాగినయని చెప్పు వానికి.”

“జర ఆగి పోస్కుంటనని చెప్పవ్వా.”

ఆమె నోటి నుంచి వచ్చేదాకా చెవులు వినపడనట్టే ఉండేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది, తర్వాత్తర్వాత రోత పుట్టింది. మీసాలు మెలేసే మగవాళ్లిద్దరు ఒక కడాయి కోసం ముసలిదాన్ని టెలిఫోను చేసి వాడుకుంటుంటే ఇంకేం పుడుతుంది?

ఆ ఏడు చిన్నాయన రెండు రోజుల ముందే వచ్చాడు, నస్పూర్ నుంచి టీవీకి తగిలించే వీడియో గేమ్ పట్టుకుని. నల్ల డబ్బా, దానికి మీటలున్న చేతిపెట్టెలు రెండు, పైన గుచ్చే పసుపు రంగు క్యాసెట్. క్యాసెట్ తీసి నోటితో ఉఫ్ అని ఊది గుచ్చితే గాని బొమ్మ వచ్చేది కాదు. కాసేపటికే డబ్బా కాగి, మొదట చెప్పిన ఆ పాడు వాసన గదంతా నిండేది. మగపిల్లలు మీటలు విరగ్గొట్టేట్టు నొక్కి, ఆటలో గుహల్లో ఎదురొచ్చే గబ్బిలాల చేతిలో చచ్చేవారు. నేను నెమ్మదిగా చూసి ఆడేదాన్ని కాబట్టి అందరికంటే ముందుకు పోయేదాన్ని.

పండగ సాయంత్రం జమ్మిచెట్టు దగ్గర, ఎవరూ అనుకోనిది జరిగింది. బాపు తనే నాలుగడుగులు ముందుకేసి తమ్ముడి చేతిలో ఆకు పెట్టాడు. చిన్నాయన వంగి కాళ్లు మొక్కాడు. ఇద్దరూ అలాయ్ బలాయ్ తీసుకుంటుంటే నాయినమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇంటికి వస్తూ దారంతా ఒకటే మాట అంది: “ఇయ్యాల ఒక్క బంతిల కూసోని తినుండ్రి కొడుకా. నాకింకేం అక్కెర లేదు.”

కూర ఉడికేలోగా చిన్నాయన ఆట పెట్టించాడు. వీధి పిల్లలు కిటికీలకు వేలాడుతున్నారు. నాయినమ్మ నా పక్కన పీట మీద, బాపు మంచం మీద. పాములూ గబ్బిలాలూ దాటుకుంటూ ఆ రోజు మొదటిసారి ఆఖరి గుహలోకి పోయాను. అక్కడ భూతమో రాక్షసుడో ఉంటాడనుకుంటే, తెల్లగడ్డం ముసలోడొకడు ఉన్నాడు. నాలుగు చుక్కలు అతికించి గీసిన బొమ్మ. వాడి కాలి వెనక నక్కి ఇంకో చిన్న బొమ్మ. నన్ను చూసి ముసలోడు దుడ్డుకర్ర కింద పెట్టి అరచెయ్యి పైకెత్తాడు. నేను మీట నొక్కడం ఆపాను. వాడూ కదల్లేదు. పైన మూల గడియారం మాత్రం తరుగుతోంది.

“కొట్టు బిడ్డా, కొట్టు! టైమైపోతుంది, ఓడిపోతవ్,” అన్నాడు చిన్నాయన.

“వద్దు బిడ్డా,” అంది నాయినమ్మ. “మనుమన్ని ఎనుక దాసుకున్నడు. కట్టె గూడ కింద పెట్టిండు. ఓడిపోతె ఏమైతది?”

బాపు మంచం మీద కదిలాడు. “అవ్వా, పోర్ని పరేషాన్ చెయ్యొద్దని చెప్పు వానికి.”

“గదంత ఉత్త ఆటే అని చెప్పవ్వా నీ పెద్దకొడుక్కు.”

అంతే. గంట కింద కౌగిలించుకున్న వాళ్లు మళ్లీ మధ్యలో ఆమెను పెట్టుకున్నారు. ఆ సంగతి నాయినమ్మకు తెలిసింది. ఆమె ముఖం చూసి నాకూ తెలిసింది. ఆమె లేచి, కొంగున ముడివేసుకున్న జమ్మి ఆకు విప్పి, టీవీ మీద పెట్టింది. “జమ్మి పెట్టిన. ఇగ కొట్లాట లేదు,” అంది. ఆ మాట ముసలోడి కోసం అన్నదో, కొడుకుల కోసం అన్నదో ఆ గదిలో ఎవరూ అడగలేదు.

చిన్నాయన నవ్వి నా చేతిలోంచి పెట్టె గుంజుకుని కొట్టాడు. ముసలోడు కర్ర ఎత్తనే లేదు. దెబ్బ దెబ్బకు ఎర్రబడుతూ, వెనక ఉన్నదాన్ని కప్పుకుంటూ జరిగి, కూలిపోయాడు. వాడి వెనక ఉన్న పిల్లబొమ్మ అక్కడే నిలబడిపోయింది. తెర మీద బాణాసంచా పేలింది, కిటికీ దగ్గర ఈలలు పడ్డాయి. చిన్నాయన మీద కంటే ఆ ఆట తయారు చేసినవాడి మీద నాకు ఇప్పటికీ ఎక్కువ అసహ్యం. ముసలోడికి చెయ్యెత్తడం నేర్పాడు గాని, ఆ చెయ్యి పట్టుకునే మీట మాకు ఇవ్వలేదు.

నాయినమ్మ టీవీ మీది ఆకు తిరిగి తీసుకుంది. పెట్టిన జమ్మి వెనక్కి తీసుకోవడం మా ఊళ్లో ఎవరూ ఎరగరు. చిన్నాయన నవ్వు ఆగిపోయింది. బాపు లేచి పశువుల కొట్టం వైపు పోయాడు. ఆ పూట ఒకరు వంటింట్లో, ఒకరు వాకిట్లో తిన్నారు. నాయినమ్మ తినలేదు.

మర్నాడు చిన్నాయన డబ్బా సర్దుకుని వెళ్లిపోయాడు. తర్వాత కూడా పండగలకు వచ్చాడు, ఆమె ద్వారానే మాట్లాడాడు. ఆమె పోయాక, మధ్యలో చెప్పేవాళ్లు లేక అన్నదమ్ముల మధ్య ఆ రెండు ముక్కలు కూడా పోయాయి. కడాయి తుప్పు పట్టి ఎప్పుడో పాతసామాన్లవాడి బండెక్కింది.

ఇప్పుడు మా ఊరి జమ్మిచెట్టు లేదు. ఎక్కడి నుంచో కొమ్మ తెచ్చి బడి ముందర పాతుతున్నారు. ఆకు బజార్లో కొనుక్కొస్తున్నారు. మొన్న చిన్నాయన మనవడు తన ఫోను నా ముందుకు చాపి, “అత్తా, గీ విలన్ స్టోరీ శాన ఎమోషనల్. చూస్తె ఏడుపస్తది,” అన్నాడు. చూశాను. నిజం మనిషిలాగే ఉన్నాడు. వాడి బిడ్డ చచ్చిపోయిన కథంతా చూపించారు, పాట పెట్టారు, కళ్లలో నీళ్లు మెరిపించారు. పిల్లవాడి కళ్లూ చెమర్చాయి, వేళ్లు మాత్రం కొడుతూనే ఉన్నాయి. మా చిన్నాయన నయం, కొడుతూ ఏడవలేదు.

“ఏదీ, ఒకసారి ఇటియ్యి,” అని ఫోను తీసుకుని, ఆటలో నా మనిషిని ఆ విలన్ ఎదురుగా ఊరికే నిలబెట్టాను. వాడూ ఆగుతాడేమోనని చూశాను. వాడు కళ్లనీళ్లతోనే వచ్చి నన్ను నరికేశాడు.

“గట్ల ఊకె నిలబడితె సంపుతడు అత్తా. కొట్టాలె,” అని పిల్లవాడు నవ్వి ఫోను గుంజుకున్నాడు.

పొద్దు వాలుతోంది. జమ్మికి పోదాం, లెమ్మన్నాను. తల ఎత్తకుండానే, “జర ఆగు అత్తా,” అన్నాడు. “గీన్ని సంపి వస్త.”