ఖాళీ డబ్బా తూకం

ఆ వార్తను మా గుమ్మంలోకి మొదట తెచ్చింది కుట్టుమిషను అత్త. ఆ రోజుల్లో గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసకు ఏ కబురైనా ఫోనుకంటే ముందు ఆమె నోటినుంచే అందేది. మెడలో టేపు, పెదవుల మధ్య గుండుసూదులు, వాటి సందుల్లోంచి వార్తలు. (ఇన్నేళ్లలో ఒక్క సూదీ గొంతులోకి జారలేదు, దేవునికి స్తోత్రం.) ఆ రోజు మాత్రం సూదులు తీసి మరీ చెప్పింది. "పిల్లా, మీ బాపు రిటైర్మెంటుకు లడ్లు చౌరస్తా మిఠాయి దుకాణంలనే చెప్పిండ్రా? మొన్న నేను అరకిలో తెచ్చిన. అనుమానమొచ్చి లడ్లు తీసి కిరాణపోళ్ల కాంట మీద పెడితే నాలుగు వందల పైన ఏదో ఇంత చూపెట్టింది. మింగిండు పిల్లా, మింగిండు!"

వేరే ఇంట్లో అయితే ఈ మాట ఒక నిట్టూర్పుతో పోయేదేమో. మా ఇంట్లో నిప్పంటుకుంది. మా బాపు కంపెనీలో కాంటా క్లర్కు. బొగ్గు లారీని ఖాళీగా వచ్చినప్పుడు ఒకసారి, నిండి పోయేటప్పుడు ఒకసారి తూచి, ఆ తేడా చీటీ మీద రాసివ్వడం ఆయన పని. తప్పు తూకంతో ఒక్క లారీ కూడా ఆయన ముందు గేటు దాటలేదని షిఫ్టంతా చెప్పుకునేవారు. రిటైరయ్యే రోజు దండలు వేయించుకున్నాక తోటివాళ్లకు తలా ఒక మిఠాయి డబ్బా ఇవ్వడం మా దగ్గర ఆనవాయితీ. అంటే తూకానికి పేరుపడ్డ మనిషి, ఆఖరి రోజున, తన చేత్తోనే నలభై మందికి తక్కువ తూకం పంచబోతున్నాడన్నమాట!

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. చిన్నప్పటి ఆయాసం వల్ల నన్ను బడికి పంపలేదు. అమ్మ బైబిలు ముందుపెట్టి చదవడం నేర్పింది, బాపు పాత కాంటా చీటీలు ముందుపెట్టి తీసివేతలు నేర్పాడు. ఇద్దరికీ ఎంత రుణపడినా తక్కువే. అయితే ఆ చదువుతో నాకు దేవుడంటే భయం, దొంగ తూకమంటే మంట బాగా వచ్చాయి గానీ, ఆ రెండింటి మధ్య ఉండాల్సిన లోకజ్ఞానం రాలేదు. బాపు దగ్గరికి ఉరికాను. "ఊకో బిడ్డా, రేపొక్కరోజైతే అయిపాయె. లొల్లి ఎందుకు?" అన్నాడు. "గంత పెద్ద లారీని ఆపేటోనివి, అరకిలో డబ్బాను ఆపవా బాపూ?" అని అరిచాను. "లారీ ముందట గేటుంటది బిడ్డా. లడ్డు ముందట ఏముంటది? నోరూరుడే."

మధ్యాహ్నం అత్తను వెంటబెట్టుకొని బయలుదేరాను. దుప్పట్టా కింద విప్పని కిలో ఉప్పు పాకెట్టు. తూకం మీద అనుమానముంటే, కంపెనీ సీలుతో ఉన్న పాకెట్టును దాని మీద పెట్టి చూడమని బాపే ఎప్పుడో చెప్పాడు. దారి పొడవునా ప్రార్థన చేసుకుంటూనే వెళ్లాను. (ఎదుటివాడి మనసు మార్చమని అడగాల్సింది, వాడి పరువు తీయమని అడిగాను. ప్రభువు క్షమించుగాక.) దుకాణం కిటకిటలాడుతోంది. మొదటి షిఫ్టు దిగినవాళ్లు, కనురెప్పల మీద ఇంకా బొగ్గుతోనే మిక్చరు కోసం నిలబడ్డారు. మా నలభై డబ్బాలు ఒక పక్కన గోడలా పేర్చి ఉన్నాయి.

"సేటూ, నీ కాంట మీద ఇది పెట్టు."

"ఉప్పు మేం కొనమమ్మా," అన్నాడు సేటు. అందరూ నవ్వారు.

నేను నవ్వలేదు. పక్కకు వంగి కాంటా మీద సర్కారు తూనికల శాఖ వేసే ముద్ర చూశాను. ఆ ఏడాదిదే. అంకెలు చూశాను. సున్నా దగ్గరే ఉన్నాయి. పాకెట్టు పెట్టాను. ఒక కిలో, ఐదు గ్రాములు. కాంటా సత్యవంతురాలు!

"చూసినవా? పైకెళ్లి అయిదు గ్రాములు ఎక్కువనే చూపిస్తుంది. అది నీ కవరు తూకం," అన్నాడు సేటు మీసం దువ్వుకుంటూ. జవాబు వాడే నా చేతిలో పెట్టాడు, నాకు తెలిస్తేగా! చెవులదాకా ఎర్రబడి, ఉప్పును చంటిపిల్లలా ఎత్తుకొని వెనక్కి తిరిగాను. అప్పుడు మూలన కూచొని డబ్బాలు మడుస్తున్న అవ్వ లేచింది. నెమ్మదిగా ఒక ఖాళీ డబ్బా తెచ్చి కాంటా మీద పెట్టింది.

"కవరుకు తూకముంటే అట్టకుండదా బిడ్డా?"

తొంభై గ్రాములు.

"ఏ సేటూ! అట్టముక్కను లడ్డు ధరకు అమ్ముతున్నవా?" అని వెనక నుంచి ఒక గొంతు. "మా ఇంట్ల అట్ట తినేటోళ్లు లేరే!" అని ఇంకొకటి. "అందరు గిట్లనే తూస్తరు, నేనొక్కన్నేనా?" అని సేటు గొణిగాడు. ఇక నాకు పూనకం వచ్చింది. వచ్చిన చదువంతా ఒక్కసారిగా బయటపడి, "ఖాళీ బండి ముందు! ముందు ఖాళీ బండి ఎక్కియ్యి!" అని మిఠాయి దుకాణంలో లారీలను పిలిచాను. గని మనుషులకు ఆ భాష తెలుసు. "ఖాళీ బండీ!" అని వాళ్లూ అందుకున్నారు. నలభై డబ్బాలూ విప్పించాం. ఖాళీ డబ్బా పెట్టు, సున్నా చెయ్యి, అప్పుడు లడ్డు పెట్టు. నలభై సార్లు.

మర్నాడు బాపు తలెత్తి డబ్బాలు పంచాడు. నేను గెలిచిన సైన్యాధిపతిలా తిరిగాను.

మూడో రోజు అవ్వకు కృతజ్ఞత చెప్పుకుందామని వెళితే మూల ఖాళీ. "నోరున్నోళ్లకు నా దుకాణంల పనిలేదు," అన్నాడు సేటు. ఇంటికొచ్చి ఏడుస్తూ చెప్పాను. బాపు నన్ను పక్కన కూచోబెట్టుకున్నాడు. తర్వాత ఒక్కటే అన్నాడు. "కోపం నీది. కూలి ఆమెది పాయె బిడ్డా."

అవ్వ తన బిడ్డ దగ్గరికి కాసిపేట పోయిందని కుట్టుమిషను అత్త కనుక్కొచ్చింది. బాపూ నేనూ బస్సెక్కి వెళ్లాం. గల్లీ గల్లీ తిరిగాం. "పేరేంది?" అని అడిగిన ప్రతివాళ్ల ముందూ నేను నోరు తెరిచి నిలబడ్డాను. సేటు కాంటా ముద్ర ఏ ఏడాదిదో వంగి చూసినదాన్ని, నన్ను గెలిపించిన మనిషిని పేరు అడగలేదు.

ఇప్పటికీ ఎన్నో దుకాణాల్లో అట్టను మిఠాయితో కలిపి తూస్తూనే ఉన్నారు. ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతూనే ఉంది. అది దొంగతనం, ఇంకో పేరు లేదు. అంకెలు మీవైపు తిప్పమనండి, సున్నా చూడండి, ఖాళీ డబ్బా ముందు పెట్టించండి. కానీ ఆ మాట గల్లా దగ్గర కూచున్న యజమానితో, మీ నోటితో మీరే అనండి. తూచే కూలిమనిషి చేత అనిపించకండి. ఉప్పు పాకెట్టుతో యుద్ధానికి పోయిన ఆ పిల్లను తలచుకుంటే నాకు నవ్వొస్తుంది, దాని చెంప మీద చిన్నగా ఒకటి వెయ్యాలనీ అనిపిస్తుంది. దాన్ని మరిచిపోయినా ఫరవాలేదు. ప్రార్థించే అలవాటున్నవాళ్లు ప్రార్థనలో, లేనివాళ్లు ఊరికే మనసులో, పేరు తెలియని ఆ డబ్బాల అవ్వను ఒక్కసారి తలచుకోండి.