రెండో రోజు దాటేదాకా

పోయిన నెల కడపలో మా తమ్ముని మనవరాలు శైలజ ప్రసవించింది. బిడ్డను ఇంటికి తెచ్చిన మరునాటి పొద్దున నేను వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే లోపలి గదిలోంచి ఒక మూలుగు వినిపించింది. ఏడుపు కాదు. ఊపిరి వదిలేటప్పుడు గొంతులో ఏదో పట్టుకున్నట్టుండే సన్నటి మూలుగు. ఎనభై దాటిన మోకాళ్లు ఎలా లేచాయో నాకే తెలియదు. లోపలికి పోయి బిడ్డకు చుట్టిన గుడ్డ విప్పి, ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతున్నదేమోనని చూశాను. గోడ గడియారం ముల్లును చూస్తూ ఊపిరి లెక్కపెట్టాను. అంతలో బిడ్డ ముఖం ఎర్రగా చేసుకుని ముక్కి, గుడ్డ పాడుచేసి, హాయిగా నిద్రలోకి జారుకుంది. శైలజ నవ్వింది.

"భయపడొద్దు జేజీ. తొమ్మిదో నెలలోనే డాక్టరమ్మ పరీక్ష చేయించింది. నా ఒంట్లో గ్రూప్ బి స్ట్రెప్ అనే క్రిమి ఉందంట. నాకేం చెయ్యదంట గానీ, కాన్పులో బిడ్డకు అంటుకుంటే ప్రమాదమంట. అందుకే నొప్పులు మొదలు కాగానే నాకు సెలైన్‌లో మందు ఎక్కించినారు. బిడ్డను కూడా రెండు రోజులు కనిపెట్టుకునే ఉన్నారు. నీకు తెలుసా దాని పేరు?"

పేరు తెలియదన్నాను. అది నిజం. పేరు తెలియకుండానే దాని కోసం కాపు కాసిన ఒక మనిషి దగ్గర నేను పని నేర్చుకున్నాను. ఆమె పేరు రూతమ్మ.

మాది ఓర్వకల్లు దగ్గర చిన్న పల్లె. పెళ్లయిన ఏడాదికే భర్త పోతే, పుట్టింట్లో మూల కూర్చోకూడదని మా నాయన ధైర్యం చేసి నన్ను కర్నూలు పెద్దాసుపత్రిలో కాన్పుల పని నేర్చుకోవడానికి పంపాడు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. చదువు ముగిశాక కోయిలకుంట్లలోని కాన్పుల కేంద్రంలో వేశారు. నాలుగు మంచాలు, ఒక బొగ్గుల పొయ్యి, సూదులు ఉడకబెట్టే గిన్నె, బల్లమీద ఒక టైంపీసు. వీటన్నిటికీ పెద్ద రూతమ్మ. కడప మనిషి, నలభై దాటిన వయసు, సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు తల కొంచెం పక్కకు వంచి నడిచేది. నేను నమస్కారం పెడితే తిరిగి పెట్టకుండా నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది.

"గోర్లు శానా పెంచినావు ఓబులమ్మా. కత్తిరించుకోని రా. ఆనక మాట్లాడుకుందాం."

ఊళ్లో ఆమె మీద గౌరవం ఉండేది, ప్రేమ ఉండేది కాదు. కారణం నాకు తొందరగానే తెలిసింది. నొప్పులతో వచ్చిన ఆడమనిషికి "ఏం కాదులే" అని ఎవరైనా చెబుతారు. రూతమ్మ చెప్పదు. "ఉమ్మనీరు ఎప్పుడు పోయింది? ఒళ్లు కాలిందా? ముందు బిడ్డలు ఎట్లుండారు?" ఈ మూడే అడుగుతుంది. జవాబు విన్నాక "చూద్దాం" అంటుంది. ఆ ఒక్క మాటకే వచ్చినవాళ్ల ముఖాలు వాడిపోయేవి. ఇంత కరకు మనిషి ఈ పనికి ఎందుకు వచ్చిందా అనుకునేదాన్ని.

నేను చేరిన రెండో నెలలో ఒక రైతు ఇంటి కోడలు మగపిల్లవాణ్ణి కన్నది. పొద్దున పుట్టాడు. బరువుగా ఉన్నాడు, గదంతా దద్దరిల్లేలా ఏడ్చాడు. తల్లికి ముందురోజు నుంచే ఉమ్మనీరు కారుతోందని, కాన్పు సమయానికి ఒళ్లు వెచ్చబడిందని రూతమ్మ రెండుసార్లు నాతో అన్నది. నేను పట్టించుకోలేదు. బిడ్డ అమ్మమ్మ నన్ను పక్కకు పిలిచి, "బాగుండాడా తల్లీ?" అని అడిగితే, "రాయిలాగున్నాడు, ఏం కాదులేమ్మా" అన్నాను. ఆమె నా తల నిమిరింది.

మధ్యాహ్నానికి వాడు రొమ్ము పట్టడం మానేశాడు. నిద్రలో ఉన్నాడనుకున్నాను. రూతమ్మ వచ్చి తల వంచి వింది. అప్పుడు నాకూ వినిపించింది, ఆ మూలుగు. ఆమె పరుగున పోయి పెన్సిలిన్ తెచ్చి పొడిచింది. సాయంత్రం ఎండ గోడ దిగకముందే వాడి పెదాలు నల్లబడి, ఆ మూలుగు కూడా ఆగిపోయింది.

బయట అప్పుడే మాటలు మొదలయ్యాయి. గ్రహణం నాడు ఇది బయట తిరిగిందని ఒకరు, పుట్టింటి వాళ్ల దిష్టి అని ఒకరు, కడుపులోనే దోషముందని ఇంకొకరు. రూతమ్మ గడపలో నిలబడి బిడ్డ తండ్రిని పిలిచింది.

"ఇట్ల సూడప్పా. గ్రహణమూ కాదు, దిష్టీ కాదు. నీ పెండ్లాం చేసిన తప్పు ఏమీ లేదు."

"మరి ఎందుకు పోయినాడు నర్సమ్మా?"

"నాకు తెలీదు."

అంతమంది ముందు, ఏళ్ల తరబడి కాన్పులు చేసిన మనిషి ఆ మాట అనడం చూసి నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఏదో ఒక కారణం చెబితే పోయేది కదా అనిపించింది. మరునాడు పొయ్యి దగ్గర గిన్నె దించుతూ ఆమె నాతో అన్నది: "నేనూ నీ మాదిరే ఒకామెకు ఏం కాదులే అని చెప్పినా, కడపలో. బిడ్డ మాపటికి పోయింది. ఆ యమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. నా నోటి దిక్కు సూసింది, అంతే. ఆ పొద్దు నుంచి ఆ మాట నాకు రాదు." కాసేపు సూదులు లెక్క చూసుకుని మళ్లీ అన్నది. "భయం ఉండల్ల ఓబులమ్మా. భయముంటేనే కండ్లు తెరుచుకోని ఉంటాం."

ఆ భయం నాకు పూర్తిగా పట్టుకున్నది నాగలక్ష్మి వచ్చిన రోజుల్లో. జమ్మలమడుగు వైపు నుంచి వచ్చి మా వీధి చివర మగ్గం వేసుకున్న నేతగాళ్ల కోడలు ఆమె. ఇరవై రెండేళ్లు. ఇద్దరు బిడ్డల్ని కని ఇద్దరినీ రెండో రోజే పోగొట్టుకుంది. ఏడో నెలలో అత్త తులశమ్మ వెంట తీసుకొచ్చింది.

"ఈసారి గూడా పోతే మావోనికి ఇంకో పెండ్లి చేస్తా నర్సమ్మా. ముందే చెప్తాండా," అన్నది తులశమ్మ, కోడలి ఎదుటే. నాగలక్ష్మి తల ఎత్తలేదు. మగ్గానికి నూలు కండెలు చుట్టి చుట్టి కాయలు కాచిన వేళ్లతో కొంగు అంచు మెలిపెడుతూ కూర్చుంది.

ఆ వారమే రూతమ్మ నన్ను వెంటబెట్టుకుని తాలూకా డాక్టరు దగ్గరికి పోయింది. నొప్పులు మొదలైనప్పుడే తల్లికి పెన్సిలిన్ వేస్తానని, అందుకు ఒప్పుకోవాలని అడిగింది. ఆయన మంచివాడే, కానీ మందు దొరకడమే కష్టమైన కాలం.

"జ్వరం లేదు, నలత లేదు. బాగున్న మనిషికి సూది ఎందుకు? ఏ పుస్తకంలో ఉంది?"

"పుస్తకంలో లేదు సార్. ఆ యమ్మ ఇంట్లో ఉండాది, రెండుసార్లు."

ఆయన మందుల బీరువా తెరిచి సీసాలు లెక్కపెట్టాడు. చివరికి జ్వరం వచ్చినా, ఉమ్మనీరు పోయి పూట దాటినా వేయమని చెప్పి కొన్ని సీసాలు రాసిచ్చాడు. దారిలో రూతమ్మ నాతో, "నేను చేసేది తప్పో ఒప్పో నాకే తెలీదు" అన్నది.

ఆ తర్వాత రెండు నెలలు రోజూ ఏదో ఒక వేళ నేతగాళ్ల ఇంటి ముందు నుంచి నడిచేవాళ్లం. మగ్గం చప్పుడు వినిపిస్తే అంతా మామూలుగా ఉన్నట్టు. నీరు పోయిన వెంటనే కబురు చెయ్యమని రూతమ్మ వెళ్లిన ప్రతిసారీ చెప్పింది. అయినా కబురు రాలేదు. ఒక పొద్దున నాగలక్ష్మినే భర్త చేతులమీద ఎత్తుకొచ్చాడు. ముందురోజు పొద్దుననే నీరు పోయిందట. అమావాస్యనాడు ఇల్లు కదలకూడదని తులశమ్మ ఆపేసింది. చెయ్యి వేస్తే ఒళ్లు పెనంలా ఉంది.

రూతమ్మ తులశమ్మను ఒక్క మాట కూడా అనలేదు. సూది వేసింది. మూడు గంటలు గడిచాక మళ్లీ వేసింది. మధ్యాహ్నానికి ఆడబిడ్డ పుట్టింది. ఏడ్చింది గానీ ఆ ఏడుపు తొందరగా అలిసిపోయింది. నేను బిడ్డ పక్కన కూర్చుని టైంపీసు చూస్తూ ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి డెబ్బై దాటుతోంది. గంట తర్వాత మూలుగు మొదలైంది. చిటికెన వేలంత కూడా కండలేని ఆ తొడలో రూతమ్మ సూది దించుతుంటే నేను కళ్లు మూసుకున్నాను.

"కండ్లు తెరువు," అన్నది ఆమె. "నువ్వు సూడకుంటే ఎవరు సూస్తారు?"

"బతుకుతాదా?" అని తులశమ్మ గుమ్మంలోంచి అడిగింది.

"తెలీదు. సూస్తాండా."

సాయంత్రానికి మూలుగు కొంచెం తగ్గింది. బిడ్డను రొమ్ముకు పెట్టమంటే నాగలక్ష్మి గోడవైపు తిరిగి పడుకుంది. అలిసిపోయిందనుకున్నాను. రూతమ్మ ఆమె పక్కన కూర్చుంది.

"ఏమమ్మా, బిడ్డ ఆకలిగొని ఉండాది."

"నేనియ్యను నర్సమ్మా. వేరేవాళ్ల పాలు పట్టండి."

"ఎందుకు?"

గోడతో చెప్పినట్టు చెప్పింది. "నా పాలు విషమంట. ఆ ఇద్దరూ నా పాలు తాగే పోయినారంట. దీన్నిగూడా నా చేత్తో సంపుకోలేను."

ఆమె రెండేళ్లుగా ఆ మాట మోస్తోందని మాకెవరికీ తెలియదు. రూతమ్మ లేచి నిలబడింది. గుమ్మంలో ఉన్న తులశమ్మను, బయట తల పట్టుకు కూర్చున్న మొగుణ్ణి లోపలికి పిలిచింది. వాళ్ల ముందే నాగలక్ష్మి పాలు నాలుగు చుక్కలు తన అరచేతిలో పిండుకుని నాలుకతో తాగింది.

"ఇంగ నేనూ తాగినా. ఈ పాలల్లో ఏమీ లేదు. ఆ బిడ్డలకు ఏమొచ్చిందో నాకు తెలీదు. తెలీనిదాన్ని తెచ్చి ఈ పిల్ల నెత్తిన ఎయ్యనీను. మీరూ ఎయ్యద్దండి."

నాగలక్ష్మి నెమ్మదిగా ఇటు తిరిగింది. బిడ్డ నోరు వెతుక్కుంది, జారింది, మళ్లీ పట్టుకుంది. తులశమ్మ అక్కడే నేలమీద కూలబడి కోడలి కాలు పట్టుకుని ఏడ్చింది.

రెండో రోజు గడిచింది. మూడో రోజు గడిచింది. రూతమ్మ నవ్వలేదు, ఆశ చెప్పలేదు, సూదులు ఆపలేదు. తొమ్మిదో రోజు వాళ్లు ఇంటికి బయలుదేరుతుంటే మాత్రం పెరట్లోకి పోయి, వాళ్లు కనుమరుగయ్యేదాకా ముఖం కడుక్కుంటూనే ఉండిపోయింది.

ఆ బిడ్డను బతికించింది మందేనా అంటే ఇప్పటికీ చెప్పలేను. అదే ఏడు ఇంకో తల్లికి అలాగే సూదులు వేశాం, బిడ్డ దక్కలేదు. ఆ రోజుల్లో మా చేతుల్లో పోయిన పసిగుడ్లను శైలజ చెప్పిన క్రిమే తీసుకుపోయిందని కూడా అనలేను. పరీక్షించినవాళ్లు లేరు. మరుసటి ఏడు రూతమ్మకు కడపకు బదిలీ అయింది. కొన్నేళ్లకు ఆమె పోయిన వార్త నాకు ఉత్తరంలో వచ్చింది. అప్పటికి నేనే ఒక కేంద్రానికి పెద్దను. నేనూ ఎవరికీ "ఏం కాదులే" అని చెప్పలేదు. నన్నూ కరకు మనిషి అనే అన్నారు.

ఉద్యోగం వదిలి పాతికేళ్లు దాటింది. మా వీధిలో ఎవరింట కాన్పు జరిగినా పురుడు తీరాక, ఊయలలో వేసే రోజుకు నన్ను పిలుస్తారు. వాళ్లు పిలవకముందే నేను రెండో రోజే పోతాను. పురిటింట్లోకి ఈ ముసలిది ఎందుకొచ్చిందని గొణుక్కునేవాళ్లూ ఉన్నారు. సబ్బుతో చేతులు కడుక్కుని, బిడ్డ పక్కన కూర్చుని, ఎదమీది గుడ్డ తీసి చూస్తూ ఉండిపోతాను. ఏం చూస్తున్నావని అడిగితే ఏమీ లేదంటాను. బిడ్డ పాలు పట్టి, గుక్క మింగిన చప్పుడు చెవిన పడ్డాక ఇంటికి వస్తాను.