ఉత్తుత్తి గుటకలు

గంజి పెట్టిన ఖద్దరు వాసన తగిలితే ఇప్పటికీ నాకు తల వంగిపోతుంది. మొన్న గుంటూరులో బట్టల కొట్లోనూ అంతే అయింది.

స్వాతంత్ర్యం రాకముందు ఒక పెద్ద నాయకుడు మా ఊరి మాలపల్లెకు వచ్చి, మరియమ్మ ఇంటి ముందు కూర్చుని, ఆమె చేతి మంచినీళ్లు తాగారట. నా చిన్నప్పుడు దాన్ని తలుచుకుంటూ ఊళ్లో సభ పెట్టారు. పూనుకున్నది మా నాన్నే. నాయకుడి వేషం నాకు వేశారు. పెద్దవాళ్ల ఖద్దరు పంచె మడిచి కట్టి, చేతికి కర్ర ఇచ్చారు.

మిరప కల్లాల పక్కన వేదిక కట్టారు. ఆనాడు జరిగినట్టే చూపించాలని, ముసలిదైపోయిన మరియమ్మనే పిలిచారు. ఆమె చింతపండుతో తళతళా తోమిన ఇత్తడి చెంబు నిండా నీళ్లు తెచ్చి నాకందించింది. ఎండకు నా నాలుక పిడచ కట్టుకుపోయి ఉంది. గబుక్కున నోటి దగ్గర పెట్టుకోబోయాను.

"ఒరేయ్, తాగినట్టు చెయ్యి, చాలు!" అన్నాడు నాన్న ముందు వరసలోంచి.

నాటకం కదా, అంతా ఉత్తుత్తిదే కాబోలనుకున్నాను. చెంబు పెదవులకు తగలకుండా ఎత్తి పట్టి గుటకలు వేశాను. జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా నాన్న కొట్టాడు.

మరియమ్మ నిండుగానే ఉన్న చెంబు అందుకుని లోపలికి చూసింది.

"ఆ మహానుభావుడు నిజంగానే తాగాడు బాబూ," అంది మెల్లగా.

ఆమె అన్నది నా నటన గురించి కాదని చాలా ఏళ్లకు గానీ నాకు అర్థం కాలేదు. అప్పుడు మాత్రం, "వచ్చే ఏడు ఇంకా బాగా చేస్తానులే అవ్వా," అన్నాను. ఆమె నా తల నిమరబోయి, నాన్న వైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.