ముందు బెంచీలో టోపీవాడు

వెర్లీన్ స్టిడమ్‌కి చప్పట్లంటే ఒళ్ళు మండటం ఆ ఏడాది వేసవిలో మొదలైంది. అంతకుముందు అందరిలాగే ఆమెకీ ఇష్టమే.

అమెరికాలో తూర్పు కెంటకీ కొండల్లో ముప్పై ఒక్క ఏళ్ళుగా స్కూలు బస్సు నడుపుతున్న మనిషి. మంచు పడ్డ మలుపుల్లో కూడా ఒక్క పిల్లకు గీత పడనివ్వలేదు. నోరు మాత్రం పెద్దది. బస్సులో అల్లరి చేసేవాళ్ళని అద్దంలోంచే అదుపు చేసేది. మిగిలిన తీరికంతా గిటారుకీ బైబిలుకీ ఇచ్చింది. యేసు చెప్పిన ఉపమానాలను తమ ఊరి మనుషుల మీద పెట్టి పాటలు కట్టేది. ఆమె పాటలో తప్పిపోయింది గొర్రె కాదు, వేటకుక్క. విత్తువాడి విత్తనాలు పడింది బొగ్గు కంపెనీ తవ్వి వదిలేసిన గుట్ట మీద. బుద్ధిలేని కన్యకల దీపాల్లో నూనెకు బదులు ట్రక్కుల్లో బ్యాటరీలు అయిపోతాయి. జనం నవ్వేవాళ్ళు, ఆ తర్వాత కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

పాడేది ఆమె ఒక్కతే కాదు. తమ్ముడు డెల్మర్ పై గొంతు పట్టేవాడు. ఒక్క కడుపున పుట్టినవాళ్ళ గొంతులు కలిస్తే వచ్చే మోత వేరు, దాన్ని ఏ బడిలోనూ నేర్పరు. ఆమెకు పదేళ్ళు, వాడికి ఏడేళ్ళు ఉన్నప్పటినుంచీ చర్చిలో ప్రసంగానికి ముందు పాట వాళ్ళదే.

ఆ జంటని చెడగొట్టినవి ఎన్నికలు. అక్కడ ఎరుపు ఒక పార్టీ, నీలం రెండోది. డెల్మర్ వాకిట్లో ఎర్ర బోర్డు పాతాడు, వెర్లీన్ నీలం బోర్డు పాతింది. రెండేళ్ళ కిందట థాంక్స్‌గివింగ్ పండగనాడు వండిన టర్కీ కోడిని ఇంకా కోయకముందే మాటా మాటా పెరిగింది. నీతో ఒకే నెత్తురు పంచుకున్నందుకు సిగ్గుగా ఉందని అక్క అంది. తమ్ముడు కుర్చీ వెనక్కి తోసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అప్పటినుంచి చర్చిలో రెండో మైకు ఖాళీ. ఆమె ఒక్కతే పాడుతుంటే పాటకి పైకప్పు లేనట్టు ఉండేది. కావలసింది వాడి గొంతే. ఆ మాట నోటితో అడగడానికి మాత్రం ఆమెకు చచ్చినా మనసొప్పదు.

అడగడానికి బదులు పాట కట్టింది. ప్రార్థనకు వెళ్ళి తన భక్తికి తానే మురిసిపోయిన పరిసయ్యుడూ, పాపినని గుండె కొట్టుకున్న పన్నులు వసూలుచేసే సుంకరీ కథ. దేవుడు మెచ్చింది ఆ రెండోవాణ్ణే.

*ఇద్దరెళ్ళారు కొండ మీది చర్చికి*
*ఒకడు ముందు బెంచీ, ఒకడు తలుపు దగ్గర*
*టోపీ తీసి మోకాటికి తొడిగి ముందువాడన్నాడు:*
*తండ్రీ, ఆ వెనకవాడిలా నేను లేను, నీకు వందనం*

మొదటిసారి పాడిన ఆదివారం చప్పట్లతో చర్చి దద్దరిల్లింది. ఎర్ర బోర్డులవాళ్ళు ఆమెన్ అన్నారు, నీలం బోర్డులవాళ్ళు అంతకంటే గట్టిగా అన్నారు. ఆ పరిసయ్యుడు అవతలివాడేనని ఇద్దరికీ నమ్మకం. వారం తిరక్కుండా ఎర్ర పార్టీ మనిషి బస్సుల షెడ్డుకి వచ్చి మా సభలో పాడమ్మా అన్నాడు. మర్నాడు నీలం పార్టీ ఆవిడ ఫోను చేసి, వాళ్ళకి బాగా తగిలేలా పాడారని మెచ్చుకుని, మా సభకీ రమ్మంది. వెర్లీన్ ఫోను పెట్టేసి చేతిలో గిన్నెని గోడకేసి కొట్టినంత పని చేసింది. అద్దం తెచ్చి మొహాల ముందు పెడితే, కిటికీ అనుకుని అవతలివాణ్ణి చూస్తున్నారు వీళ్ళు. ఇంత గుడ్డితనమా?

చర్చి మొత్తంలో ఆమెన్ అననివాడు ఒక్కడే, వెనక బెంచీలో డెల్మర్. వాడికైనా అర్థమైందేమోనన్న ఆశతో, వాడు కోతమిషన్లు బాగుచేసే కొట్టానికి వెళ్ళింది. వాడు తల ఎత్తలేదు.

"పాట బాగుందక్కా. ఆ ముందు బెంచీవాణ్ణి నేనే కదా?"

"పేరేమన్నా పెట్టానా?"

"టోపీ పెట్టావుగా. మోకాటికి టోపీ తొడిగి కూచునేవాడు ఈ కౌంటీలో ఇంకెవడున్నాడు?"

వాడు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"మా తమ్ముడిలా నేను లేను తండ్రీ, వందనం అని మైకులో ప్రార్థన చేశావు. అదీ గిటారు మీద, మూడు చరణాలు. మరి పరిసయ్యుడెవరో నువ్వే చెప్పు."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. వెర్లీన్ నోటికొచ్చినన్ని తిట్లు తిట్టి, ట్రక్కు వెనక్కి తీస్తూ వాడి ఉత్తరాల పెట్టెని గుద్దేసింది. ఇంటిదాకా తిడుతూనే ఉంది. ఇల్లు చేరేసరికి తిట్లు అయిపోయాయి, వాడన్న మాట మిగిలింది. దానిమీద కోపం, అది నిజమైనందుకు ఇంకా కోపం.

సెప్టెంబరులో చర్చి పండగ. ఏటా ఆ రోజు ప్రసంగమయ్యాక ఆరుబయట బల్లలు వేసి, ఎవరింటి వంట వాళ్ళు తెచ్చి అందరూ కలిసి తింటారు. పాస్టరు ఆ పాటే పాడమన్నాడు. ముందు బెంచీల్లో జనం ఆమెన్ నోట్లో సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నారు. వెర్లీన్ పాడింది.

*ముందు బెంచీలో కూచుంది బస్సు నడిపే మనిషి, పేరు వెర్లీన్*
*తండ్రీ, నా తమ్ముడిలా నేను లేను, నీకు వందనం*

ఒక్క నోరు లేవలేదు. పాడుతున్నావిడే పరిసయ్యురాలైతే, మొన్న ఆమెన్ అన్నవాళ్ళమంతా ఎవరమన్న సంగతి ఆ హాల్లో నెమ్మదిగా పాకింది. పాస్టరు పుస్తకంలో తల దూర్చాడు. ఆమె ఎవరి మీదా దయ చూపకుండా చివరి చరణంలోకి వెళ్ళింది. తలుపు దగ్గరివాడు గుండె కొట్టుకుని, పాపిని, దయచూడు అనే చోట వెనకనుంచి పై గొంతు లేచింది. మైకు లేకుండా, కూర్చున్నచోటినుంచే. పాటకి పైకప్పు వచ్చింది.

ఆమెకు కళ్ళు చెమర్చలేదు. రెండేళ్ళ కోపం అంతా వేళ్ళలోకి తెచ్చుకుని, తీగ తెగేంత గట్టిగా వాయించింది.

భోజనాల దగ్గర ఒకావిడ, బంగారంలాంటి పాటని పాడుచేసుకున్నావమ్మా అంది. సభలకు పిలిచిన ఇద్దరూ దూరంగా వేరే బల్ల చూసుకున్నారు. వెర్లీన్ ఒక్కతే కూర్చుని, వేయించిన కోడిని పగబట్టినట్టు తింటోంది. డెల్మర్ పళ్ళెంతో వచ్చి ఎదురుగా కూర్చుని, టోపీ తీసి మోకాటికి తొడిగాడు.

"టోపీవాణ్ణెందుకు తీసేశావు?"

"ఆ టోపీ నీదేనని నువ్వేగా ఏడ్చావు."

"నీ పేరు పెట్టు, బానే ఉంది. వాణ్ణి మాత్రం తీసెయ్యకు. రెండేళ్ళుగా వాడూ ఆ బెంచీలోనే కూచున్నాడక్కా."

వెర్లీన్ చేతిలో ముక్క పళ్ళెంలో పడేసింది.

"ఆ ఒక్క ముక్క చెప్పడానికి రెండేళ్ళు పట్టిందేంరా నీకు?"

"నీకూ అంతే పట్టిందిగా."